చదివి వెళ్లండి... విని రండి!

పాటల పిచ్చి ఎవరికుందని మా టీమ్‌లో అడిగితే అందరూ నా సీటు వైపే చూపిస్తారు. అందుకే డిసెంబర్ దగ్గర పడుతుంటే నాకు రెండు ప్రశ్నలు తప్పవు. "మంచి మ్యూజిక్ బుక్ ఏదైనా చెప్పు" అనేది ఒకటి. "తప్పకుండా చూడాల్సిన లైవ్ షో ఏముంది?" అనేది రెండోది. తమాషా ఏంటంటే, ఈ రెండూ ఒకే మనిషి ఎప్పుడూ అడగడు. పుస్తకాలు చదివేవాళ్లు కచేరీకి రారు. కచేరీకి వచ్చేవాళ్లు పుస్తకం ముట్టుకోరు. నేను మాత్రం ఇద్దరికీ ఒకటే సలహా ఇస్తాను. రెండింటినీ జంటగా పెట్టుకోండి. ముందు ఒక సంగీతకారుడి జీవితం చదవండి. ఆ తర్వాత ఆ సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వినండి.

ఎందుకంటారా? ఫోన్లో పాట వింటున్నప్పుడు మన చేతికి వచ్చేది వండి వడ్డించిన విస్తరి. ఆ వంట ఎలా జరిగిందో, ఎన్నిసార్లు మాడిందో, పొయ్యి దగ్గర ఎవరి చెయ్యి కాలిందో మనకి తెలీదు. ఆత్మకథ ఆ వంటింట్లోకి తీసుకెళ్తుంది. లైవ్ కచేరీలో వంట మన కళ్ల ముందే జరుగుతుంది. పుస్తకం చదివి వెళ్లినవాడికి ఏ క్షణంలో ఏం జరుగుతోందో పట్టుకోవడం తేలిక. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లైవ్ కచేరీ నేరుగా ప్రొడక్షన్‌లో కోడ్ రాయడం లాంటిది. తప్పు పోతే వెనక్కి తీసుకోవడానికి లేదు. అక్కడికక్కడే దాన్ని కూడా పాటలో కలిపేసుకోవాలి.

నాకు బాగా నచ్చిన నాలుగు జంటలు ఇవి.

నా యెఱుక + హరికథ

మాది విజయనగరం. కాబట్టి మా ఊరి నుంచే మొదలుపెడతాను, పక్షపాతం అనుకున్నా సరే! హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టారు. ఆయన ఆత్మకథ పేరు 'నా యెఱుక'. జీవితమంతా ఉండదు అందులో. సుమారు ముప్పై ఏళ్ల వయసు వరకే రాశారు. కానీ ఆ కాలంలో ఒక కళాకారుడు ఎలా తయారయ్యాడో తెలుసుకోవడానికి అది చాలు. కుప్పుస్వామి నాయుడు అనే కథకుడి హరికథ చూసి ఆ కుర్రాడికి మనసు అటు మళ్లింది. పంతొమ్మిదేళ్ల వయసులో 'ధ్రువ చరిత్ర' తయారుచేసుకుని గజ్జె కట్టాడు. తర్వాత కాళ్లతో, చేతులతో, తలతో వేర్వేరు తాళాలు ఒకేసారి వేసి చూపించి పండితుల్ని నోరెళ్లబెట్టేలా చేశారని పేరు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఘంటసాల, సుశీల చదువుకున్నది ఆ పాఠశాలలోనే.

భాష కొంచెం పాతది. మొదటి పది పేజీలు నెమ్మదిగా నడుస్తాయి. కంగారు పడకుండా పైకి చదువుకోండి. వాక్యం చెవిన పడితే అర్థం దానంతట అదే వస్తుంది. ఆయన రాసింది కూడా చెవి కోసమే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు రెండో సగం. శ్రీరామనవమి పందిట్లోనో, దసరా నవరాత్రుల్లోనో హరికథ పెట్టారంటే వెళ్లి ముందు వరసలో కూర్చోండి. చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, మెడలో దండ. వెనక వయొలిన్, మృదంగం. ఒకే మనిషి పాడాలి, పద్యం చదవాలి, ఆడాలి, నవ్వించాలి, పాత్రలన్నీ తనే అవ్వాలి. పిల్లలు గోల చేస్తే ఆ గోలని కూడా పిట్టకథలో ఇరికించెయ్యాలి. కథకుడు అసలు కథ వదిలేసి పిట్టకథలోకి దూకిన చోటు గమనించండి. జనం నీరసపడ్డారని ఆయనకి ముందే తెలిసిపోతుంది. మా ఆఫీసులో గంటల తరబడి ప్రెజెంటేషన్లు ఇచ్చే పెద్దలందరినీ ఒకసారి హరికథకి పంపాలని నా కోరిక.

ఈ కళ అయిపోయిందని అనుకుంటాం గానీ, అలా ఏం లేదు. 2023లో కోట సచ్చిదానంద శాస్త్రి గారికి, 2024లో డి. ఉమామహేశ్వరి గారికి హరికథకే పద్మశ్రీ వచ్చింది. ఉమామహేశ్వరి గారు సంస్కృతంలో కూడా హరికథ చెప్తారు. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో ఆడపిల్లలకి హరికథ నేర్పిన పాఠశాల ఉంది. చెప్పేవాళ్లు ఉన్నారు. పందిట్లో కుర్చీలు నిండటమే కష్టమైపోతోంది.

ద మ్యూజిక్ రూమ్ + ఖయాల్ కచేరీ

హిందుస్తానీ సంగీతం అంటే "అర్థం కాదు బాబూ, ఒకటే ఆ... ఆ..." అని పారిపోయేవాళ్లకి నేను చేతిలో పెట్టే పుస్తకం ఇది. రాసింది నమితా దేవిదయాళ్. 2007లో వచ్చింది. పదేళ్ల నమితని వాళ్లమ్మ ముంబైలో కెన్నెడీ బ్రిడ్జ్ దగ్గర ఒక ఇరుకు గదికి తీసుకెళ్తుంది. అక్కడ ధోండూతాయి కులకర్ణి అనే గురువు ఉంటుంది. జైపూర్-అత్రౌలీ ఘరానా విద్యని ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చిన మనిషి. బయట ప్రపంచానికి ఆవిడ పేరు పెద్దగా తెలీదు. ఆవిడ గురువు కేసర్‌బాయి కేర్కర్ మాత్రం మహారాణి లాంటి గాయని. 1977లో వోయేజర్ వ్యోమనౌకతో పంపిన బంగారు రికార్డులో మన దేశ సంగీతం తరఫున వెళ్లింది కేసర్‌బాయి గొంతే. భైరవి రాగంలో మూడున్నర నిమిషాలు.

ఒకే విద్య. ఒకరి గొంతు నక్షత్రాల వైపు వెళ్లింది. ఇంకొకరిది ఇరుకు గదిలో ఉండిపోయింది. పుస్తకం నడిచేది ఈ తేడా మీదే. ప్రతిభ ఉంటే చాలు, గుర్తింపు దానంతట అదే వస్తుందని నమ్మే మా తరం వాళ్లు తప్పకుండా చదవాలి. అప్రైజల్ సీజన్లో చదివితే ఇంకా మంచిది! పేరు రాకపోయినా ధోండూతాయి రోజూ పొద్దున్నే తంబురా శ్రుతి చేసుకుంది. ఎందుకో పుస్తకం ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. చదివితే తెలుస్తుంది.

చదివాక పుణెలో డిసెంబర్‌లో జరిగే సవాయి గంధర్వ భీమ్‌సేన్ మహోత్సవానికి వెళ్లండి. భీమ్‌సేన్ జోషి తన గురువు సవాయి గంధర్వ జ్ఞాపకార్థం 1953లో మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి పుణె. వేల మంది జనం, కుర్చీలతో పాటు నేల మీద పరుపులు, పక్కనే టీ, వడాపావ్ స్టాళ్లు. ఒకప్పుడు రాత్రంతా జరిగేది. ఇప్పుడు లౌడ్‌స్పీకర్ నిబంధనల వల్ల రాత్రంతా జరగడం లేదు. అదే జైపూర్-అత్రౌలీ పాట ఈరోజుల్లో ఎవరి గొంతులో వినాలని అడిగితే అశ్వినీ భిడే-దేశ్‌పాండే పేరు చెప్తాను.

ఎలా వినాలి? ఒక చిట్కా. తబలా ఆవర్తనంలో మొదటి దెబ్బని 'సమ్' అంటారు. గాయని ఎక్కడెక్కడో తిరిగి సరిగ్గా ఆ దెబ్బ మీదకి వచ్చి వాలుతుంది. వాలినప్పుడల్లా చుట్టూ తలలు ఊగుతాయి. మొదటి అరగంట రాగం గురించి బుర్ర పాడుచేసుకోకండి. ఆ వాలడం ఒక్కటి పట్టుకోండి. రెండోసారికి మీ తల కూడా ఊగుతుంది.

పుణె దాకా ఎందుకంటే, హైదరాబాద్‌లోనే ఒక ఉత్సవం ఉంది. పండిట్ జస్‌రాజ్ తండ్రి మోతీరాం 1934లో ఇక్కడే చనిపోయారు. అప్పటికి జస్‌రాజ్ వయసు నాలుగేళ్లు. తండ్రి సమాధి అంబర్‌పేటలో ఉంది. ఆయన పేరు మీద, అన్న మణిరాం పేరు మీద జస్‌రాజ్ ఈ నగరంలో ఏటా నవంబర్ చివర్లో సంగీత సమారోహ్ జరుపుతూ వచ్చారు. నాలుగేళ్ల పిల్లాడిగా పోగొట్టుకున్న తండ్రి కోసం జీవితాంతం వచ్చి పాడిన కొడుకు. ఈ ఒక్క సంగతి తెలిసి వెళ్తే చాలు, ఆ హాల్లో కూర్చోవడం వేరేగా ఉంటుంది.

బార్న్ టు రన్ + ఈ స్ట్రీట్ బ్యాండ్

ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. ముఖ్యంగా న్యూజెర్సీ బ్యాచ్ కోసం. ఎడిసన్‌లో మినపట్టు తిని కారెక్కితే గంటలోపే ఫ్రీహోల్డ్ అనే ఊరు వస్తుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పెరిగింది అక్కడే. నా ఇంజినీరింగ్ స్నేహితులు సగం మంది ఆ చుట్టుపక్కలే ఉన్నారు. ఇక్కణ్ణుంచి వచ్చే ప్రతి సినిమా సంగీత దర్శకుడి షోకీ వెళ్తారు. పక్క ఊరి మనిషిని మాత్రం చూడలేదు.

స్ప్రింగ్‌స్టీన్ 1949లో పుట్టాడు. ఆయన ఆత్మకథ 2016లో వచ్చింది. ఏడేళ్లు పట్టింది రాయడానికి. వేరే ఎవరితోనూ రాయించుకోలేదు. రాక్ స్టార్ పుస్తకం అంటే మనం ఊహించుకునే పార్టీలు, గొడవలు ఇందులో తక్కువ. మాట్లాడని తండ్రి ఉంటాడు. చీకట్లో వంటింట్లో ఒంటరిగా కూర్చునే తండ్రి. ఆ తండ్రికి మానసిక అనారోగ్యం ఉందని కొడుక్కి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. తర్వాత తనకీ డిప్రెషన్ వచ్చిందని, ఏళ్ల తరబడి చికిత్స తీసుకున్నానని అరవై ఏళ్లు దాటిన స్టార్ పచ్చిగా రాసేశాడు. మన ఇళ్లల్లో మాట్లాడని తండ్రులు తక్కువేం కాదు కదా. అందుకే ఇది తెలుగువాళ్లకి పరాయి పుస్తకం అనిపించదు.

షో సంగతికి వస్తే, మూడు గంటలు మామూలు. 2012లో హెల్సింకీలో నాలుగు గంటల ఆరు నిమిషాలు పాడాడు! 2011లో బ్యాండ్‌లో శాక్సోఫోన్ వాయించే క్లారెన్స్ క్లెమన్స్ చనిపోయాడు. ఆయన స్థానంలో ఇప్పుడు నిలబడి వాయించేది ఆయన మేనల్లుడు జేక్. పుస్తకంలో క్లారెన్స్ పేజీలు చదివి వెళ్లినవాడికి, ఆ మేనల్లుడు శాక్స్ ఎత్తినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. చదవనివాడికి అది మంచి శాక్స్ ముక్క, అంతే. టికెట్ ఖరీదు భరించలేనివాళ్లు ఈ పుస్తకం ఆధారంగా చేసిన బ్రాడ్‌వే షోని నెట్‌ఫ్లిక్స్‌లో చూడొచ్చు. ఒక మనిషి, ఒక గిటార్, ఒక పియానో.

జాకిర్ హుస్సేన్: ఎ లైఫ్ ఇన్ మ్యూజిక్ + తబలా

పెద్ద పుస్తకాలంటే భయపడేవాళ్లకి ఇది. 2018లో వచ్చింది. నస్రీన్ మున్నీ కబీర్ ప్రశ్నలు అడుగుతుంటే జాకిర్ హుస్సేన్ జవాబులు చెప్తారు. పక్కన కూర్చుని కబుర్లు వింటున్నట్టు ఉంటుంది. పుట్టిన బిడ్డని చేతుల్లోకి తీసుకుని, చెవిలో ప్రార్థన చదవాల్సిన తండ్రి అల్లా రఖా తబలా బోల్స్ చదివారట. నా ప్రార్థన ఇదే అన్నారట. కుర్రాడికి ఏడేళ్లు వచ్చాక తెల్లవారుజామున మూడింటికి లేపి పాఠం చెప్పేవారు. ఆ తర్వాత మదరసా, ఆ తర్వాత క్రైస్తవ మిషన్ బడి. మూడింటినీ ఒకే పొద్దున్న చుట్టేసేవాడు ఆ పిల్లాడు. పేరు రాకముందు కిక్కిరిసిన రైళ్లలో నేల మీద పేపర్ పరుచుకుని, తబలాకి ఎవరి కాలూ తగలకుండా ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేశాడు. పెళ్లిళ్లలో, ప్రైవేటు పార్టీల్లో వాయించనని ఎందుకు పెట్టుకున్నారో కూడా చెప్తారు. జనం తినడానికో తాగడానికో వచ్చిన చోట సంగీతానికి చోటు లేదని ఆయన లెక్క.

2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీలు తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 15న శాన్ ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. 73 ఏళ్లు. ఆయన లైవ్ ఇక లేదు. కానీ తండ్రి అల్లా రఖా వర్ధంతి ఫిబ్రవరి 3న ముంబై షణ్ముఖానంద హాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా తాళవాద్యాల పండగ చేయడం ఆ ఇంటి ఆనవాయితీ. తమ్ముళ్లు ఫజల్ ఖురేషీ, తౌఫీక్ ఖురేషీ ఇద్దరూ పెద్ద విద్వాంసులే. ఎక్కడ దొరికినా వినండి.

వచ్చేసారి చూద్దాంలే!

మన ఇళ్లల్లో ఎక్కువగా వినబడే మాట ఇది. మా నాన్నకి బాలు గారి పాటంటే ప్రాణం. రోజూ పొద్దున్న గడ్డం గీసుకుంటూ పాడేవారు. 'పాడుతా తీయగా' వస్తుంటే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. బాలు గారు మా వైపు ప్రోగ్రాముకి వచ్చినప్పుడల్లా ఏదో ఒక అడ్డం. ఒకసారి సెలవు దొరకలేదు, ఒకసారి అక్క పరీక్షలు, ఒకసారి "ఇంత పెట్టి టికెట్ ఎందుకురా, టీవీలో వస్తుందిగా". 2020 సెప్టెంబర్ 25న టీవీలో ఆ వార్త వచ్చింది. నాన్న రిమోట్ పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు. చాలాసేపు రాలేదు. ఆయన దగ్గర బాలు గారి క్యాసెట్లు, సీడీలు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక సాయంత్రం.

అందుకే ఆ తర్వాత ఇళయరాజా గారి షో హైదరాబాద్‌లో పెడుతున్నారని తెలియగానే నాన్నని అడగకుండానే రెండు టికెట్లు తీసుకున్నాను. ఆయన 1943లో పుట్టిన మనిషి. ఈ వయసులో కూడా లండన్ వెళ్లి సొంత సింఫనీ వినిపించి వచ్చారు. నాన్న షో మొత్తం ఒక్క పాట కూడా పాడలేదు. నోరు మూసుకుని విన్నారు. తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో, "ఆ వయొలిన్లు వాయించేవాళ్లు ఎంతమంది ఉన్నారు చూశావా? ఇన్నాళ్లూ ఒక్కటే శబ్దం అనుకున్నాను" అన్నారు. నలభై ఏళ్లుగా వింటున్న పాటలో ఇంతమంది మనుషులు ఉన్నారని ఆయనకి ఆ రోజే తెలిసింది.

తొలిసారి వెళ్లేవాళ్లకి

కొన్ని చిన్న సంగతులు. ఒకటి, పుస్తకం మొత్తం చదివే తీరిక లేకపోతే బాల్యం, గురువు ఉన్న అధ్యాయాలు చదవండి. అసలు సరుకు అక్కడే ఉంటుంది. రెండు, స్టేడియం షోలకి ఇయర్‌ప్లగ్స్ పట్టుకెళ్లండి. చెవులు మళ్లీ కొనుక్కోలేం. మూడు, కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోకండి. మృదంగం వాయించే మనిషి రెండు గంటలుగా ఎదురుచూసింది ఆ పావుగంట కోసమే. నాలుగు, డిసెంబర్‌లో చెన్నై వెళ్తే సాయంత్రం పెద్ద కచేరీలతో పాటు మధ్యాహ్నం కుర్రవాళ్ల కచేరీలు కూడా వినండి. చాలా సభల్లో వాటికి టికెట్ ఉండదు. పైగా సభ క్యాంటీన్‌లో భోజనం! ఐదు, ఒక పాట రికార్డ్ చేసుకోండి, కాదనను. తర్వాత ఫోన్ జేబులో పెట్టేయండి.

పుస్తకం లేని పాటలు

ఇంత చెప్పాక ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. జాకిర్ హుస్సేన్ పోయిన వారంలోనే, 2024 డిసెంబర్ 19న, వరంగల్‌లో పస్తం మొగిలయ్య చనిపోయారు. కిడ్నీ జబ్బు. పేరు గుర్తు రాకపోతే 'బలగం' సినిమా చివరి పాట గుర్తు తెచ్చుకోండి. పోయిన పెద్దమనిషి గురించి భార్య కొమురమ్మతో కలిసి పాడి థియేటర్లో అందరినీ ఏడిపించిన బుడగ జంగాల కళాకారుడు ఆయనే. ఆ సినిమా 2023లో రాకపోతే, మనలో చాలామందికి అలాంటి పాట ఒకటి ఉందని కూడా తెలిసేది కాదు. చావు ఇంటి ముందు నిలబడి, పోయినవాళ్ల మంచిని తలిచి, విడిపోయిన అన్నదమ్ముల్ని కలిపే పాట అది.

జాకిర్ గారిని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నవాళ్లు ఉన్నారు. మొగిలయ్య గారు పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, చిన్నప్పుడు ఏ ఊళ్లు తిరిగారు, తెల్లవారుజామున ఆయన్ని ఎవరు లేపేవారు? అలాంటి పుస్తకం ఏదీ నా చేతికి రాలేదు. తెలుగులో సంగీతకారుల ఆత్మకథలంటే భానుమతి గారి 'నాలో నేను', బాలాంత్రపు రజనీకాంతరావు గారి 'ఆత్మకథా విభావరి' లాంటివి కొన్ని చెప్పుకోగలం. గుడి ముందు నాదస్వరం ఊదేవాళ్లవి, పెళ్లి బ్యాండులో క్లారినెట్ పట్టేవాళ్లవి అడిగితే మాత్రం చేతులు ఖాళీ.

కాబట్టి ఐదో జంట మీరే తయారుచేయాలి. మీ ఊళ్లో ఈసారి జాతరకో, పెళ్లికో, పందిట్లోకో ఎవరైనా వచ్చి పాడితే చివరిదాకా ఉండండి. జనం వెళ్లిపోయాక వాళ్లు వాద్యాలు సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లి ఒక టీ ఇప్పించండి. పేరేంటి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పిల్లలు నేర్చుకుంటున్నారా అని అడగండి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డ్ చేయండి. పాట కంటే ముందు ఆ మాటల్ని రికార్డ్ చేయండి. ఆయన చెప్పిన ఊరి పేరు, గురువు పేరు సరిగ్గా రాసుకోండి. ఇంటికి వచ్చాక ఎవరికైనా పంపండి.